స్టేల్‌మేట్

స్టేల్‌మేట్ అనునది చదరంగము నుండి సాధారణ వాడుకలోకి వచ్చిన ఆంగ్ల పదము. ఇరుపక్షములలో ఏదియు గెలువలేక, వెనుకకు తగ్గక, వ్యవహారము నిలిచిపోయిన స్థితిని ఇది తెలుపును. తెలుగు పత్రికలలో దీనికి ప్రతిష్టంభన అను మాట వాడుదురు.

వ్యుత్పత్తి
మొదటి భాగమునకు పాత ఫ్రెంచిలో కదలక నిలిచిన స్థితి అని అర్థము. పాసిపోయినది అను అర్థము ఇచట వర్తించదు. రెండవ భాగము చెక్‌మేట్‌లోనిదే. అది పారశీకములోని 'షా మాత్' నుండి వచ్చినది.

చదరంగములో
ఎత్తు వేయవలసిన ఆటగాని రాజునకు చెక్ లేకపోయినను, నియమము ప్రకారము వేయదగిన ఎత్తు ఒక్కటియు లేనిచో అది స్టేల్‌మేట్. అంతటితో ఆట డ్రాగా ముగియును. చెక్ ఉండి తప్పించుకొను దారి లేనిచో అది చెక్‌మేట్, అనగా ఓటమి.

వాడుక
చర్చలు, సమ్మెలు, యుద్ధములు, సరిహద్దు తగవుల విషయములో ఈ పదము వాడబడును. 'వేసిన గొంగళి వేసిన చోటనే' అను జాతీయము దీనికి దగ్గరగా ఉండును. 'ముందు నుయ్యి, వెనుక గొయ్యి' అనునది వేరు. అది ఒక్కని సంకటమును చెప్పును. స్టేల్‌మేట్ అనవలెనన్న ఎదుట మరియొక పక్షము ఉండవలెను.

ఉదాహరణ: కొఠియా గ్రామములు
పార్వతీపురం మన్యం జిల్లాలో గుమ్మలక్ష్మీపురం వలెనే సాలూరు మండలము కూడ ఒడిషా సరిహద్దున ఉన్నది. సాలూరు మండలమునకు, ఒడిషాలోని కోరాపుట్ జిల్లాకు నడుమనున్న 21 కొఠియా గ్రామములు తమవేనని రెండు రాష్ట్రములును వాదించుచు వచ్చినవి. 1968లో వివాదము సుప్రీంకోర్టుకు చేరగా, యథాతథ స్థితిని పాటింపవలెనని కోర్టు ఆదేశించెను. 2006లో ఆ దావా ముగిసినను సరిహద్దు తేలలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మూడు గ్రామములలో పంచాయతీ ఎన్నికలు జరుపగా, ఒడిషా కోర్టు ధిక్కార పిటిషను వేసినది. అదే సంవత్సరము నవంబరు 9న ఇరు రాష్ట్రముల ముఖ్యమంత్రులు వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో సమావేశమై, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేయ నిశ్చయించిరి.

చదరంగమునకు, ఇట్టి వివాదమునకు ఒక ముఖ్య భేదము కలదు. ఆటలో స్టేల్‌మేట్‌తో పోటీ ముగియును, ఆటగాండ్రు లేచిపోవుదురు. కొఠియాలో పోటీ ముగియలేదు. ఇరు ప్రభుత్వములును రేషను, ఓటరు కార్డులు ఇచ్చినవి. రెండును గల గిరిజన కుటుంబములు అచట పెక్కు కలవు. ఏ కార్యాలయమునకు పోవలెనో, ఎవరి పత్రము చెల్లునో అను ప్రశ్న వారికే మిగిలినది. రాజ్యాంగము 3వ అధికరణము ప్రకారము రాష్ట్రముల సరిహద్దులను మార్చు అధికారము పార్లమెంటుదే.