ఇంటి కంప్యూటరు: అధికారపు తాళపుచెవి కథ

ఒక వస్తువును ఒక్కరే వాడుకొంటున్నంతవరకు దానిపై అధికారం ఎవరిదనే ప్రశ్న పుట్టదు. పలువురు వాడుకొనడం మొదలుపెట్టగానే ఆ ప్రశ్న తలయెత్తుతుంది. చెరువు తూము ఎవరు ఎత్తాలి? గిడ్డంగి తాళపుచెవి ఎవరి వద్ద ఉండాలి? ఊరి లెక్కల పుస్తకంలో ఎవరు వ్రాయాలి? ఇట్టి ప్రశ్నల వరుసలో ఇంటి కంప్యూటరు చివరగా వచ్చి చేరినది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెలలో కంప్యూటరు ఉన్న ఇంట అది తరచు ఒక్కటే. శీతల గిడ్డంగిలో ఉంచిన మిరప టిక్కీల లెక్క, పత్తి అమ్మిన సొమ్ము, ఎరువుల కొట్టు బాకీ తండ్రి అందులోనే వ్రాసుకొంటాడు. కుమార్తె పాఠాలు అందులోనే చదువుకొంటుంది. చిన్నవాడికి అదే ఆటవస్తువు. వాడు ఎక్కడనుండో తెచ్చి పెట్టిన ఒక ఆటతోపాటు దుష్ట ప్రోగ్రాము ఒకటి లోపలికి వస్తే, సంవత్సరపు లెక్కలన్నీ ఒక్క పూటలో పాడుకావచ్చును. దీనికి విరుగుడుగా కంప్యూటరులో రెండు తరగతుల ఖాతాలు ఏర్పడినవి. యంత్రాన్నంతటినీ మార్చగల అధికారం ఉన్నది నిర్వాహక ఖాతా. తన పని తాను చేసుకొనడానికి సరిపడిన అధికారం మాత్రమే ఉన్నది పరిమిత ఖాతా. ఈ విభజన ఎట్లు పుట్టినది, ఇండ్లకు చేరడానికి ఇంత ఆలస్యమెందుకైనది అన్నదే ఈ చరిత్ర.

గ్రామంలో ఇద్దరు, కచేరీలో కొందరు

అధికారాన్ని విభజించడం కంప్యూటరుతో పుట్టిన ఊహ కాదు. ఆంధ్రదేశపు గ్రామాలలో శిస్తు వసూలు చేయడం మునసబు పని, లెక్క వ్రాయడం కరణం పని. సొమ్ము ముట్టేవాడు వేరు, పుస్తకం ముట్టేవాడు వేరు. ఇద్దరూ కలిసిపోతే మోసం జరగవచ్చును. కాని ఒక్కడే చేయదలచిన మోసానికి రెండవవాడు అడ్డు. ఈ వంశపారంపర్యపు పదవులను 1984లో రాష్ట్రప్రభుత్వం రద్దుచేసినది.

విభజన లేనిచోట ఏమి జరుగుతుందో గుంటూరు చరిత్రలోనే కనిపిస్తుంది. పందొమ్మిదవ శతాబ్ది మొదటి సగంలో ఆ జిల్లాకు కలెక్టరే అధిపతి. అయితే లెక్కలు వ్రాసేదీ, వాటిని సరిచూచేదీ, కలెక్టరుకు వివరించేదీ కచేరీలోని దేశీయోద్యోగులే. జిల్లా రాబడి క్షీణించగా 1845లో మద్రాసు ప్రభుత్వం వాల్టర్ ఇలియట్‌ను విచారణకు పంపినది. అమరావతి స్తూపంలో త్రవ్వకాలు జరిపించినది కూడ ఈ ఇలియటే. ఆయన 1846లో ఇచ్చిన నివేదిక వలన కచేరీ లోపలి వ్యవహారాలు బయటపడినవి. చరిత్రకారుడు రాబర్ట్ ఎరిక్ ఫ్రికెన్‌బర్గ్ 1788–1848 నడుమ గుంటూరు జిల్లా చరిత్రను గురించి 1965లో వెలువరించిన గ్రంథంలో దీనిని వివరంగా పరిశీలించినాడు. సంతకం కలెక్టరుది, పెత్తనం మరొకరిది. పెద్ద అధికారం గల చేయి తాను చదవని కాగితంపై సంతకం చేస్తే, ఆ అధికారమంతా ఆ కాగితం తెచ్చినవానికి దక్కుతుంది. కంప్యూటరులో జరిగేది కూడ సరిగా ఇదే.

ఒకే యంత్రం, పలువురు వాడుకరులు

తొలినాటి కంప్యూటర్లు ఒకసారి ఒక్కరి పనినే చేసేవి. 1961 నవంబరులో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బాటో, ఆయన సహచరులు ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకొనే పద్ధతిని ప్రదర్శించినారు. దానిపేరు సి.టి.ఎస్.ఎస్. యంత్రకాలాన్ని చిన్నచిన్న తునకలుగా కోసి అందరికీ వంతులవారీగా పంచడమే దాని కిటుకు. తరువాత అది నడచిన యంత్రంలో జ్ఞాపకస్థానం రెండు అరలుగా ఉండేది. ఒక్కొక్క అరలో 32,768 పదాలు పట్టేవి. ఒక అర యంత్రాన్ని పాలించే ప్రోగ్రాముది, రెండవది వాడుకరులది. రెండవ అరలో ఉన్న ప్రోగ్రాము మొదటి అరను తాకరాదు. నిర్వాహకునికీ వాడుకరికీ నడుమ గోడ ఇట్లు యంత్రంలోనే లేచినది.

ఎవరి దస్త్రాలు వారికే దక్కడానికి ఒక్కొక్కరికి పాస్‌వర్డు అనే రహస్యపదం ఇచ్చినారు. ఎవరెంత యంత్రకాలం వాడినదీ లెక్క కట్టేవారు. కావున ఖాతా అనే మాట ఇచ్చట అక్షరాలా సరిపోయినది. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి కేటాయించిన నాలుగు గంటలు చాలలేదు. పాస్‌వర్డులున్న దస్త్రాన్ని అచ్చువేయుమని అతడు ఒక చిల్లుల కార్డు పెట్టినాడు. యంత్రం అచ్చువేసి ఇచ్చినది. ఇతరుల ఖాతాలతో అతడు తన పని సాగించుకొన్నాడు.

1966లో మరొక వింత జరిగినది. అందరికీ కనిపించవలసిన దినప్రకటనకు బదులు, ప్రవేశించిన ప్రతివానికీ పాస్‌వర్డుల పట్టిక యావత్తూ కనిపించినది. నిర్వాహకులిద్దరు ఒకే స్థానంలో ఒకే సమయాన పనిచేస్తున్నారు. ఒకరు ప్రకటన దిద్దుతుండగా మరొకరు పట్టిక దిద్దుతున్నారు. దిద్దుబాటు ప్రోగ్రాము తాత్కాలిక దస్త్రానికి ఎల్లప్పుడు ఒకే పేరు పెట్టేది కావున రెండూ తారుమారైనవి. ఇచ్చట దొంగ ఎవడూ లేడు. పెద్ద అధికారం ఉన్నచోట చిన్న పొరపాటు కూడ పెద్దదవుతుంది.

అరువు తెచ్చుకొన్న అధికారం

1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే వ్యవస్థకు అంకురార్పణ చేసినారు. అందులో సర్వాధికారం గల ఖాతా ఒక్కటే. దానికి రూట్ అని పేరు, అనగా వేరు. మిగిలినవన్నీ పరిమిత ఖాతాలే.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు వచ్చినది. పాస్‌వర్డుల దస్త్రాన్ని రూట్ తప్ప మరెవరూ మార్చరాదు. అట్లయితే సామాన్యుడు తన పాస్‌వర్డును తాను మార్చుకొనేదెట్లు? రిచీ దీనికి చక్కని ఉపాయం కనిపెట్టినాడు. మనిషికి అధికారం ఇవ్వక, ఆ ఒక్క పనిచేసే ప్రోగ్రాముకు మాత్రమే అధికారం ఇచ్చినాడు. రైతు శీతల గిడ్డంగి గదిలోనికి తాను పోడు. రసీదు చూపితే గిడ్డంగి మనిషి పోయి ఆ రైతు టిక్కీలను మాత్రమే తెచ్చి ఇస్తాడు. ఇదీ అట్టిదే. ఈ ఉపాయానికి 1979లో పేటెంటు లభించినది. తరువాత దానిని అందరి వినియోగానికి విడిచిపెట్టినారు.

1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు కంప్యూటరు రక్షణకు ఎనిమిది సూత్రాలను ఒక వ్యాసంలో క్రోడీకరించినారు. వాటిలో ఒకటి కనీసాధికార సూత్రం. ప్రతి వాడుకరికి, ప్రతి ప్రోగ్రాముకు ఆ పనికి కావలసినంత అధికారమే ఉండాలి, అంతకు మించి ఉండరాదు. మరొకటి అధికార విభజన. బ్యాంకు లాకరుకు రెండు తాళపుచెవులు ఉండడం దీనికి తెలిసిన ఉదాహరణ. మునసబు, కరణాల ఏర్పాటులోని ఇంగితం ఇదే గదా!

ఇంటికి వచ్చినప్పుడు మరచిపోయినది

ఇంత తెలిసిన విద్య ఇండ్లలోని కంప్యూటర్లకు ఎందుకు అందలేదు? 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటరు వెలువడినది. ఒక మనిషికి ఒక యంత్రం అన్నది దాని ఊహ. గోడలు కట్టే శక్తి కూడ దాని చిన్న మైక్రోప్రాసెసరుకు లేదు. అందుచేత దానిలోని డాస్ వ్యవస్థలో ఖాతాలే లేవు. యంత్రం ముందు కూర్చున్నవాడే సర్వాధికారి. 1995లో వచ్చిన విండోస్ 95 పాస్‌వర్డు అడిగేది గాని, ఎస్కేప్ మీట నొక్కితే ఊరకే లోపలికి పోనిచ్చేది. అది వాకిట వేసిన ముగ్గే గాని తలుపు కాదు.

కార్యాలయాల కొరకు డేవ్ కట్లర్ నాయకత్వంలో రూపొందిన విండోస్ ఎన్.టి. 1993లోనే నిజమైన ఖాతాలతో వెలువడినది. ఆ పునాది 2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్.పి. రూపంలో ఇండ్లకు చేరినది. ఇంటిలో ఎవరిది నిర్వాహక ఖాతా, ఎవరిది పరిమిత ఖాతా అని నిర్ణయించే అవకాశం అప్పుడు సామాన్య కుటుంబానికి లభించినది. పరిమిత ఖాతావాడు తన పాస్‌వర్డు మార్చుకొనవచ్చును, తన దస్త్రాలు దాచుకొనవచ్చును. యంత్రపు అమరికను మార్చలేడు, ఇతరుల ఖాతాలను ముట్టలేడు.

అయినను ఆ అవకాశాన్ని వాడుకొన్నవారు తక్కువ. యంత్రాన్ని మొదట అమర్చునప్పుడు ఏర్పడే ఖాతాలన్నీ నిర్వాహక ఖాతాలే, పాస్‌వర్డు లేనివే. పైగా విండోస్ 95 కాలంలో వ్రాసిన ప్రోగ్రాములు తమ లెక్కలను యంత్రపు మూలదస్త్రాల నడుమ వ్రాసుకొనేవి. పరిమిత ఖాతాలో అవి నడిచేవి కావు. ఆట నడవలేదని పిల్లవాడు మారాం చేస్తే తండ్రి నిర్వాహకాధికారం ఇచ్చివేసేవాడు. వెసులుబాటు గెలిచినది, రక్షణ ఓడినది.

2007 జనవరిలో ఇండ్లకు వచ్చిన విండోస్ విస్టా మరొక మార్గం త్రొక్కినది. నిర్వాహకుని చేతిలో సైతం ప్రోగ్రాములు పరిమితాధికారంతోనే నడుస్తాయి. పెద్ద అధికారం కావలసినప్పుడు అనుమతి అడుగుతాయి. యూనిక్స్ లోకంలో 1980 ప్రాంతంలో పుట్టిన సుడో అనే ప్రోగ్రాము పని కూడ ఇటువంటిదే. విస్టా మాటిమాటికి అడిగినందున జనం విసిగి, చదవకుండానే సరే అనసాగినారు. చదవని కాగితంపై సంతకం మళ్లీ మొదలైనది. 2009లో వచ్చిన విండోస్ 7లో ఈ ప్రశ్నలను తగ్గించవలసి వచ్చినది.

పరిమిత ఖాతా చేయలేని పని

2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా వ్యాపించి, దస్త్రాలకు తాళం వేసి, విడుదలకు సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశంలో గుంటూరుతో సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దీని వాతబడినవి. ఈ ప్రోగ్రాము ఎవరి అనుమతీ అడుగలేదు. విండోస్‌లోని ఒక లోపం గుండా వల వెంట దూరి, యంత్రపు సర్వాధికారాన్నే చేజిక్కించుకొన్నది. వాడుకరిది పరిమిత ఖాతా అయినంత మాత్రాన అది ఆగదు. ఆ లోపాన్ని పూడ్చే సవరణ అదే సంవత్సరం మార్చిలోనే వెలువడినది. దానిని వేసుకొన్న యంత్రాలకు ఆ మార్గాన ప్రమాదం రాలేదు. సవరణలు వేయించడం నిర్వాహకుని బాధ్యత. అధికారం చేతిలో ఉంచుకొని పని మరచిన నిర్వాహకుడు, లేని నిర్వాహకునితో సమానం.

మరొక పరిమితి కూడ ఉన్నది. పరిమిత ఖాతాలో తెరచిన దుష్ట ప్రోగ్రాము యంత్రాన్ని, ఇతరుల ఖాతాలను సామాన్యంగా ముట్టలేదు గాని, ఆ ఖాతాదారుని సొంత దస్త్రాలను పాడుచేయగలదు. ఏలనన వాటిపై అతనికి పూర్తి అధికారం ఉన్నది. అతని పేరిట నడిచే ప్రోగ్రాముకూ ఉన్నది.

ఇంటిలో చేయదగినది

ఈ చరిత్ర నుండి ఇంటికి కావలసిన ఏర్పాటు తేటపడుతుంది. నిర్వాహక ఖాతా ఒకటి ఉండాలి. దానికి ఊహించరాని పాస్‌వర్డు ఉండాలి. అది ఇంటిలో బాధ్యత వహించే పెద్దలకు మాత్రమే తెలియాలి. నేటికీ యంత్రాన్ని అమర్చునప్పుడు ఏర్పడే మొదటి ఖాతా నిర్వాహక ఖాతాయే. కావున రెండవ పనిగా ఇంటిలోని ఒక్కొక్కరికి ఒక్కొక్క పరిమిత ఖాతా తెరవాలి. పిల్లలకే కాదు, యజమానికి కూడ నిత్యకృత్యానికి పరిమిత ఖాతాయే తగినది. క్రొత్త ప్రోగ్రాము చేర్చునప్పుడు, సవరణలు వేయునప్పుడు మాత్రమే పెద్ద తాళపుచెవి బయటికి తీయాలి. యంత్రం అనుమతి అడిగినప్పుడు అడిగినది ఏ ప్రోగ్రామో, ఎందుకో చదివిన పిమ్మటనే సరే అనాలి. ముఖ్యమైన లెక్కలకు మరొక ప్రతి యంత్రానికి వెలుపల ఉండాలి.

పరిమిత ఖాతా ఇవ్వడం ఇంటివారిని అనుమానించడం కాదు. శీతల గిడ్డంగి గదిలోనికి రైతును పోనివ్వకపోవడం అతడు దొంగ అని కాదు. పదిమంది సరుకు ఒకచోట ఉన్నందువలననే. పాఠశాలలో కంప్యూటరు గది ఉన్న ఉపాధ్యాయులు ఈ విషయాన్ని విద్యార్థుల చేతనే పరీక్ష చేయించవచ్చును. పరిమిత ఖాతాలో ప్రవేశించి యంత్రపు గడియారాన్ని మార్చబోతే ఏమి జరుగుతుందో, ప్రక్కవాని దస్త్రాన్ని తెరవబోతే ఏమి కనిపిస్తుందో వారే చూచుకొంటారు. యంత్రం ఎందుకు వద్దన్నదో వివరించగలిగిన విద్యార్థి, రేపు నిర్వాహకుడైననాడు ఆ తాళపుచెవిని జాగ్రత్తగా వాడుకొంటాడు.