పోవు

పోవు: తెలుగు క్రియ. ప్రధానార్థం ఒకచోటు విడిచి మరోచోటికి కదలడం. మరణించడం, నశించడం, కనబడకుండా పోవడం, గడిచిపోవడం వంటి అర్థాలు దీని వెంట వచ్చాయి. మరో క్రియ వెనక సహాయక్రియగా చేరినప్పుడు దీని పని ఇంకా పెద్దది. తమిళంలో పో, మలయాళంలో పోకుక, కన్నడంలో హోగు దీని తోబుట్టువులే. బరో, ఎమెనో 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటన్నిటినీ ఒకే చోట చేర్చింది.

కోస్తా జిల్లాల మాటలో ఎదుటివారిని ‘పో’ అంటే కసురుకున్నట్టు. అక్కడ మర్యాదకు ‘వెళ్లు’ ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలున్న పాలమూరు ప్రాంతంలో ఆ తేడా లేదు. ‘యాడికి పోతున్నవే అక్కా’ అన్నదాంట్లో ఆప్యాయతే తప్ప కరుకుదనం ఉండదు. ‘పట్నం పోయిండు’, ‘బడికి పోయింది’, ‘పెండ్లికి పోయిన్రు’ అన్నవి అక్కడి రోజువారీ మాటలు. ఈ మాట వాడిన పిల్లలను బడిలో సరిదిద్దాలని చూడటం అన్యాయం. ‘వెళ్లు’కు పాత అర్థం బయటికి వచ్చు, వెడలు అనే. పోవడానికి మూలమైన మాట ‘పోవు’. పాలమూరు దాన్ని చెక్కుచెదరకుండా వాడుతోంది. అయితే సెలవు తీసుకునేటప్పుడు ఒట్టి ‘పోత’ అనడానికి అక్కడా మనసొప్పదు. ‘పోయొస్త’ అనాలి.

పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశంలోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోశారు. ఊరు విడిచి అలా పనికి పోవడాన్ని ‘బతకబోవుడు’ అంటారు. పుస్తకాల తెలుగు ప్రకారం ‘తేబోయింది’ అంటే తేవడానికి సిద్ధపడింది అని. ‘నీళ్లు తేబోయింది’ అని ఊళ్లో అంటే ఆమె బిందె పట్టుకుని బోరింగు దగ్గరికి పోయిందన్నమాట. ‘బతకబోయిండు’ అన్నా అంతే, బతకడానికి పోయిండు అని. ఇదే పాత అర్థం. పనికి పోవడం నుంచి పని చేయడానికి సిద్ధపడటం, అక్కడి నుంచి ‘ఇప్పుడో ఇంకాసేపటికో జరుగుతుంది’ అన్న అర్థం వచ్చాయి. ఇంగ్లీషువారి ‘గోయింగ్ టు’ కూడా నడక నుంచే భవిష్యత్తును పుట్టించింది.

ఇక ఈ క్రియ చేసే అసలు విచిత్రం ‘పడబోయిండు’, ‘పడిపోయిండు’ అనే జంటలో కనబడుతుంది. మొదటివాడు తూలి నిలదొక్కుకున్నాడు. రెండోవాడు నేలమీద ఉన్నాడు. రెండింటా ఉన్నది ఒకే పోవు. ‘పడన్’ అనే రూపం చివర ద్రుతం (న్) ఉంది కాబట్టి దాని తర్వాతి పరుషం సరళమై ప కాస్తా బ అయింది. ‘పడి’ ద్రుతం లేని కళ కాబట్టి దాని పక్కన ప మారలేదు. ఇంత చిన్న తేడాతో జరగబోయినదీ, జరిగిపోయినదీ విడివడ్డాయి.

జరిగిపోవడాన్ని చెప్పే ఈ రెండో పని ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బులకు దగ్గరది. ‘డ్రై అప్’లో చివరి ముక్క చేసే పనిని ‘ఎండిపోవు’లో పోవు చేస్తుంది. ‘బర్న్ డౌన్’కు కాలిపోవు ఉంది. వాళ్లు క్రియ వెనక చిన్న అవ్యయాన్ని పెడితే, మనం క్రియ వెనక మరో క్రియనే నిలబెడతాం. చేను ఎండింది అంటే సమాచారం. ఎండిపోయింది అంటే ఇక చేతిలో లేదని. అలాగని ఇది నష్టానికే పరిమితం కాదు. మురిసిపోయింది, పొంగిపోయిండు, వెలిగిపోతున్నది అన్నచోట సంతోషమే మనిషి అదుపు దాటింది. అదుపు తప్పడమే ఈ సహాయక్రియ అసలు గుణం అని చెప్పాలి.

అందుకే ఎవరు చేశారన్నది ఇందులో మరుగున పడుతుంది. 1980ల తొలినాళ్లలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ, తుంగభద్రల ఒడ్డున అలంపురం, కొల్లాపురం ప్రాంతాల ఊళ్లు నీటిపాలయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఊళ్లను అలా విప్పి తెచ్చుకోలేం. ‘ఊరు మునిగిపోయింది’ అన్న మాటలో నీళ్లు తప్ప ఎవరూ కనబడరు. ‘ఊరు ముంచేసిన్రు’ అంటే చేసినవాళ్లు వెంటనే వాక్యంలోకి వస్తారు. పోవుకు ఎదురుగా తెలుగులో నిలిచే సహాయక్రియ వేయు. పడిపోయింది, పడేసిండు; కాలిపోయింది, కాల్చేసిండు. బాధితులు చెప్పుకునేటప్పుడు ఈ రెంటిలో ఏది ఎంచుకున్నారో వినేవాళ్లు గమనించాలి.

కృష్ణ, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ నుంచి పడమటికి పోతే రాయచూరు జిల్లా. పాలు హాలు, పులి హులి అయినట్టే అక్కడ పోవు హోగు అయింది. మునిగిపోయింది అనడానికి కన్నడంలో ముళుగిహోయితు. గద్వాల బజారులో ఉర్దూ మాట్లాడేవారి నోట అదే డూబ్ గయా. తెలుగు, కన్నడం ద్రావిడ భాషలు, ఉర్దూ ఆర్యభాష. మూడింటా వెనక నిలిచింది ‘పోవు’ అనే అర్థమున్న క్రియే. ఇలా వేర్వేరు కుటుంబాల భాషలు ఒకే అలవాటు పడటాన్ని ఎమెనో 1956 నాటి వ్యాసంలో భారతదేశం ఒక భాషాక్షేత్రమని వివరించారు. 1976లో మసీకా పుస్తకం ఈ జంటక్రియలనూ ఆ లెక్కలోకి తెచ్చింది.

చావును నేరుగా అనలేక ఎన్నో భాషలు ప్రయాణం మాటను ఆశ్రయించాయి. ఇంగ్లీషులో ‘పాస్ అవే’ అదే. ‘చను’ అన్నా పాత తెలుగులో పోవడమే కాబట్టి, ‘చనిపోవు’లో రెండు పోవడాలు కలిసి ఉన్నాయి. గతించు, దివంగతుడు అనే సంస్కృత పదాల్లోనూ పోవడమే ఉంది. కన్నుమూయు, కాలం చేయు, తనువు చాలించు వేరే దారి పట్టిన పర్యాయాలు. పీఠాధిపతులు, వైష్ణవ పెద్దల విషయంలో పరమపదించు అంటారు. ఊళ్లో ‘పాపం పోయిండు’ అంటే చాలు.

వెళ్లు, ఏగు, అరుగు, చను, వెడలు అని పోవుకు పర్యాయాలు నిఘంటువుల్లో వరసగా కనబడతాయి. వాటిలో ‘వెళ్లు’ ఒక్కటే నేటి మాటలో ఉంది. అదీ కదలిక వరకే సరిపోతుంది. పోయిన వారం, కరెంటు పోయింది, పోనీ, పోను పోను, వాన రాకపోతే – వీటిలో ఎక్కడా అది ఇమడదు. సీజను ముగిశాక మేస్త్రీ కూలీకి లెక్క చెప్పేది ‘అడ్వాన్సు పోను ఇంత మిగిలింది’ అనే. అక్కడ తీసివేత గుర్తుగా నిలిచిందీ ఈ క్రియే.