రైలు పెట్టెలో అందరూ చూసిన మనిషి

ఎథెల్ లీనా వైట్ తన అరవయ్యో ఏట, 1936లో, ‘ది వీల్ స్పిన్స్’ అనే నవల వెలువరించారు. వేల్స్‌లోని ఆబర్గవెన్నీలో పుట్టిన ఈ రచయిత్రి పేరు ఇప్పుడు హిచ్‌కాక్ సినిమాల మూలాలు వెతికేవారికి తప్ప పెద్దగా తెలియదు. నవలలోని కథ చిన్నది. ఐరిస్ అనే ఆంగ్ల యువతి యూరప్‌లోని ఒక మారుమూల విడిది నుంచి రైల్లో ఇంటికి తిరిగి వస్తుంటుంది. మిస్ ఫ్రాయ్ అనే మధ్యవయస్కురాలు తోడవుతుంది, కలిసి టీ తాగుతారు. ఐరిస్ కాసేపు కునుకు తీసి లేచేసరికి ఎదుటి మనిషి ఉండదు. అలాంటి స్త్రీ ఎవరూ ఈ పెట్టెలోకి ఎక్కనే లేదని తోటి ప్రయాణికులు ముక్తకంఠంతో చెబుతారు.

దీన్నే హిచ్‌కాక్ 1938లో ‘ది లేడీ వానిషెస్’గా తీశారు. హాస్యాన్నీ ఉత్కంఠనూ రైలునూ కలిపి బ్రిటిష్ సినిమా ఒక ప్రత్యేకమైన కథన పద్ధతిని తయారు చేసుకుంది. అందులో ఈ చిత్రం మొదటిది కాదు గాని తలమానికం. ఈ రకం కథల్లో నేరస్థుడెవరన్నది పెద్ద ప్రశ్న కాదు. చూసినవాళ్ళు ఎందుకు చెప్పరు అన్నదే అసలు ప్రశ్న.

ఇలాంటి కథకు రైలే ఎందుకు కావలసివచ్చిందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. తొలినాటి బ్రిటిష్ రైలు పెట్టె నిజానికి గుర్రపు బండ్లను వరసగా అతికించినట్టుండేది. ఒక్కో గదికి రెండు వైపులా బయటికి తలుపులు, గదికీ గదికీ మధ్య దారి ఉండదు. రైలు కదిలాక మళ్ళీ స్టేషను వచ్చేదాకా ఎదుటివాడు ఎవరైతే వాడితోనే సహవాసం. 1864 జులైలో నార్త్ లండన్ రైల్వేలో థామస్ బ్రిగ్స్ అనే వృద్ధ బ్యాంకు ఉద్యోగిని మొదటి తరగతి గదిలో కొట్టి, దోచుకుని, పట్టాల మీదికి నెట్టేశారు. బ్రిటన్‌లో రైల్లో జరిగిన మొదటి హత్యగా అది చరిత్రకెక్కింది. నిందితుడు ఫ్రాంజ్ ముల్లర్ తెరచాప ఓడలో న్యూయార్క్ పారిపోగా, పోలీసులు ఆవిరి ఓడలో అతడికంటే ముందు చేరి రేవులో కాచుకున్నారు. ఆ ఏడాది నవంబరులో అతణ్ణి బహిరంగంగా ఉరితీశారు. ఆ భయం చట్టంగా మారడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆపద వస్తే ప్రయాణికులు రైలు సిబ్బందిని హెచ్చరించే సాధనం ఉండాలని 1868లో శాసించారు. మనం ‘చైన్ లాగడం’ అనేది అక్కడి నుంచే మొదలైంది. పెట్టె పొడవునా నడవా ఉన్న రైళ్ళు 1890లలో వచ్చాయి.

సినిమాకు ఈ నడవా వరమైంది. గదిలో మనుషులు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా, తప్పించుకోలేక కూర్చుంటారు. నడవాలో ఎవరైనా ఎవరినైనా రాసుకుంటూ పోవచ్చు. తెరలు లాగేసిన తలుపు వెనక ఏదైనా ఉండవచ్చు. పైగా స్టూడియోకు ఖర్చు తక్కువ. ‘ది లేడీ వానిషెస్’ కోసం ఇస్లింగ్టన్ స్టూడియోలో వాడిన వేదిక పొడవు తొంభై అడుగులేనని, అసలు పెట్టె ఒక్కటేనని, మిగతావన్నీ వెనక తెర మీది దృశ్యాలూ బొమ్మ రైళ్ళూ అని హిచ్‌కాక్ తరువాత చెప్పుకున్నారు.

ఆయనకంటే ముందే దారి వేసినవాళ్ళున్నారు. ఆర్నల్డ్ రిడ్లీ 1923లో రాసిన ‘ది ఘోస్ట్ ట్రెయిన్’ నాటకంలో, రాత్రివేళ ఒక చిన్న స్టేషనులో చిక్కుకుపోయిన ప్రయాణికుల మధ్య ఒక వెకిలి యువకుడు అందరికీ తలనొప్పి తెప్పిస్తుంటాడు. చివరికి అతడే మారువేషంలో ఉన్న అపరాధ పరిశోధకుడు. దీన్ని వాల్టర్ ఫోర్డ్ 1931లో ఒకసారి, 1941లో మరోసారి సినిమాగా తీశారు. నవ్వు తెప్పించేవాణ్ణి లెక్కలోంచి తీసేయకూడదన్న సూత్రం ప్రేక్షకులకు ఇలాంటి కథల వల్లనే అలవాటైంది. అదే ఫోర్డ్ 1932లో ‘రోమ్ ఎక్స్‌ప్రెస్’ తీశారు. అపహరించిన వాన్ డైక్ చిత్రపటం చుట్టూ తిరిగే కథ అది. దొంగ, హంతకుడు, సినిమా తార, లోభి అయిన ధర్మదాత, రహస్యంగా బయలుదేరిన ప్రేమజంట, వాళ్ళను వదలకుండా వాగే ఒక పరిచయస్థుడు, అందరూ ఒకే రైల్లో. స్క్రీన్‌ప్లే రాసినది సిడ్నీ గిలియట్. శుద్ధమైన అపరాధ కథలో చిల్లర పాత్రలన్నీ అనుమానితులు. గిలియట్ రైల్లో మాత్రం ప్రతివాడికీ సొంత గొడవ ఒకటి ఉంటుంది, పక్కన జరుగుతున్న హత్య ఆ గొడవకు అంతరాయం. హాస్యం పుట్టేది సరిగ్గా అక్కడే.

గిలియట్, ఫ్రాంక్ లాండర్ కలిసి వైట్ నవలను తెరకు మలిచారు. మొదట దీన్ని రాయ్ విలియం నీల్ అనే దర్శకుడు తీయవలసింది. బాహ్య దృశ్యాల కోసం యుగోస్లావియా వెళ్ళిన బృందం స్క్రిప్టులో తమ దేశాన్ని చిత్రించిన తీరు అక్కడి పోలీసులకు నచ్చక వెనక్కి రావలసివచ్చిందంటారు. తరువాత అది హిచ్‌కాక్ చేతికి వచ్చింది. సినిమాలో దేశం పేరు బాండ్రికా. ఏ పటంలోనూ లేని దేశం కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేరు.

నవలలో మిస్ ఫ్రాయ్ తాను చూసినదాని విలువ తనకే తెలియని అమాయకపు గవర్నెస్. సినిమాలో ఆమె గూఢచారిణి. ఒక రహస్య ఒప్పందంలోని అంశాన్ని పాట వరసగా కంఠస్థం చేసి లండన్‌కు మోసుకెళుతుంటుంది. ఇది పెద్ద మార్పులా కనిపిస్తుంది గాని, ఈ రహస్యం ప్రేక్షకుడికి పట్టదు. హిచ్‌కాక్‌కూ పట్టలేదు. పట్టినది అబద్ధాల పట్టిక.

నవలలో మొక్కలంటే ప్రాణమైన ఫ్లడ్-పోర్టర్ అక్కచెల్లెళ్ళు త్వరగా ఇల్లు చేరాలని నోరు మెదపరు. బిడ్డకు ఒంట్లో బాగా లేదన్న బెంగతో పాస్టరుగారి భార్య మాట మారుస్తుంది. సినిమాలో అక్కచెల్లెళ్ళ స్థానంలోకి చార్టర్స్, కాల్డికాట్ అనే ఇద్దరు క్రికెట్ పిచ్చివాళ్ళు వచ్చారు. బేసిల్ రాడ్‌ఫర్డ్, నాంటన్ వేన్ పోషించిన ఈ జంటకు ప్రపంచంలో ఉన్న ఒకే ఒక ఆందోళన మాంచెస్టర్ టెస్టు. భోజనాల పెట్టెలో పంచదార బిళ్ళలు బల్ల మీద పేర్చి ఒక ఆట ఘట్టాన్ని వివరించుకుంటుంటారు. పక్క బల్ల నుంచి మిస్ ఫ్రాయ్ పంచదార అడిగితే, ఫీల్డర్లందరినీ ఏరి గిన్నెలో వేసి ఇవ్వవలసివస్తుంది. ఆమెను వాళ్ళు చూశారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. అయినా ఐరిస్ వచ్చి అడిగినప్పుడు తెలియదంటారు. రైలు ఆగితే మ్యాచ్ పోతుంది. టాడ్‌హంటర్ అనే న్యాయవాది పరాయివాడి భార్యతో ప్రయాణిస్తున్నాడు. సాక్ష్యం చెబితే పత్రికల్లో పేరు వస్తుంది, న్యాయమూర్తి పదవి చేజారుతుంది. అతడూ చూడలేదు.

వీళ్ళలో ఒక్కరూ కుట్రలో లేరు. కుట్రదారులు ముందుగా వీళ్ళతో మాట్లాడుకోనూ లేదు, ఎవరికీ లంచం ఇవ్వనూ లేదు. ఎవరి చిన్న అవసరం కోసం వాళ్ళు ఆడిన అబద్ధాలన్నీ కలిసి ఒక మనిషిని లోకంలోంచి తుడిచేశాయి. ప్రేక్షకుడు పంచదార బిళ్ళల దగ్గర హాయిగా నవ్వి ఉంటాడు. కొద్ది నిమిషాల తరువాత ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. హాస్య సన్నివేశం కథకు విరామం కాకుండా కథకు ఆధారమే కావడం ఈ పద్ధతిలోని గొప్ప నేర్పు. తరువాతి అనుకరణల్లో చాలావాటికి ఇది చేతకాలేదు. వాటిలో నవ్వు ఒక బోగీలో, భయం మరో బోగీలో వెళతాయి.

ఈ అబద్ధాలన్నిటికీ గౌరవప్రదమైన ముద్ర వేసేవాడు ఒక వైద్యుడు. ప్రాగ్ నగరపు మెదడు శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ హార్ట్జ్, నటుడు పాల్ లూకాస్. కేకలు వేయడు, బెదిరించడు. స్టేషనులో ఐరిస్ తల మీద పూలకుండీ పడిందని తెలుసుకుని, ఆ దెబ్బ వల్ల కలిగిన భ్రమ ఇదని మృదువుగా వివరిస్తాడు. నవలలో దెబ్బకు బదులు వడదెబ్బ. వైద్యపరంగా చూస్తే అతడి మాట పూర్తిగా అర్థంలేనిది కాదు. తలకు దెబ్బ తగిలినవారికి జ్ఞాపకం తికమక పడటం, మధ్యలో కొంత కాలం చెరిగిపోవడం ప్రతి అత్యవసర విభాగంలోనూ చూసేదే. అయితే అలాంటి రోగి సాధారణంగా ఉన్నదాన్ని మరచిపోతాడు. పేరు, దుస్తులు, టీ పొట్లం రకంతో సహా లేని మనిషిని కల్పించుకోవడం అరుదు. హార్ట్జ్ ఆ తేడాను దాటేస్తాడు, ఎవరూ నిలదీయరు. ఆ నిర్ధారణ అందరికీ కావాలి. దానితో అబద్ధమాడినవాళ్ళ మనస్సాక్షికి కూడా చికిత్స జరిగిపోతుంది.

ఇందుకు ముందే ఒక కథ ప్రచారంలో ఉండేది. 1889 పారిస్ ప్రదర్శన చూడడానికి వచ్చిన తల్లీకూతుళ్ళలో తల్లికి ప్లేగు సోకి చనిపోతే, నగరానికి కీడు జరుగుతుందని హోటలువాళ్ళు గది గోడల కాగితం కూడా మార్చేసి, అసలు నీకు తోడుగా తల్లి రానే లేదని కూతురితో అన్నారట. ఆ కట్టుకథలోనూ మౌనం వహించినవారిలో ఒక వైద్యుడున్నాడు. అక్కడ నగరాన్ని కాపాడుతున్నామన్న సాకైనా ఉంది. హార్ట్జ్‌కు అదీ లేదు. అతడి రోగి ముఖమంతా కట్లు కట్టి, స్ట్రెచరు మీద పక్క గదిలోనే ఉంటుంది. ఆ కట్ల వెనక ఎవరున్నారో ఎవరూ చూడబోరు. రోగి ఎవరో చెప్పే హక్కు వైద్యుడిదేనని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి. కాపలాగా కూర్చున్న సన్యాసిని మాత్రం అంగీ కింద ఎత్తు మడమల జోళ్ళు తొడుక్కుని పట్టుబడుతుంది. ఈ రకం సినిమాల్లో సత్యం బయటపడేది ఇలాంటి అల్ప వస్తువుల వల్లనే. కిటికీ అద్దం మీద వేలితో రాసిన పేరు, చెత్తతో పాటు బయటికి విసిరితే గాలికి వచ్చి అద్దానికి అతుక్కున్న టీ పొట్లం కాగితం. మనుషులు కాదన్నదాన్ని వస్తువులు ఔనంటాయి.

చివర ఘట్టంలో రైలును అడవిలోని శాఖామార్గానికి మళ్ళించి, సైనికులు చుట్టుముడతారు. ఆంగ్లేయులందరూ భోజనాల పెట్టెలోనే దొరుకుతారు, ఎందుకంటే అది టీ వేళ. చార్టర్స్ చేతికి తూటా తగిలాక గాని అతడికి నమ్మకం కుదరదు. టాడ్‌హంటర్ తాను పోరాడనంటాడు. తనకేమీ కాదన్న ధీమాతో తెల్ల చేతిరుమాలు ఊపుతూ కిందికి దిగి, తుపాకి గుండుకు పడిపోతాడు.

సినిమా లండన్‌లో 1938 అక్టోబరులో విడుదలైంది. అంతకు వారం ముందు, సెప్టెంబరు 30న, మ్యూనిక్ ఒప్పందం కుదిరి చెకోస్లవేకియాలోని సుడెటెన్‌లాండ్ హిట్లర్ పరమైంది. చేతిలో కాగితంతో ఛాంబర్లేన్ విమానం దిగినప్పుడు జనం జేజేలు కొట్టారు. లాండర్, గిలియట్ స్క్రిప్టు అంతకు ముందుది, కాబట్టి ఆ చేతిరుమాలు ఛాంబర్లేన్‌దే అనడం కాలక్రమానికి ఒదగదు. అయినా థియేటరులో కూర్చున్నవాళ్ళకు అది తట్టకుండా ఉండి ఉంటుందా? విలన్‌కు ప్రాగ్ చిరునామా ఇవ్వడం మాత్రం ఆ అక్టోబరులో చూసినవారికి విడ్డూరంగా ఉండే ఉంటుంది. అప్పుడు ప్రాగ్ నేరం చేసినది కాదు, అందరూ చూస్తుండగా మాయమవుతున్నది.

మరొక కాకతాళీయం ఉంది. అంత ఆరాటపడి లండన్ చేరిన చార్టర్స్, కాల్డికాట్‌లకు వరదల వల్ల మ్యాచ్ రద్దయిందన్న వార్త ఎదురవుతుంది. సినిమా విడుదలకు మూడు నెలల ముందు, 1938 జులైలో, మాంచెస్టర్‌లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మధ్య జరగవలసిన టెస్టు నిజంగానే వర్షం వల్ల ఒక్క బంతి కూడా పడకుండా రద్దయింది.

1940 నాటికి ఈ సంప్రదాయం మారక తప్పలేదు. అదే రచయితలు, అదే మార్గరెట్ లాక్‌వుడ్, ఈసారి దర్శకుడు కరోల్ రీడ్, సినిమా ‘నైట్ ట్రెయిన్ టు మ్యూనిక్’. చార్టర్స్, కాల్డికాట్ మళ్ళీ రైలెక్కారు. బెర్లిన్‌లో ఉండిపోయిన గోల్ఫ్ కర్రల గురించి ఇప్పటికీ దిగులే. స్టేషనులో ‘పంచ్’ పత్రిక దొరకక ‘మైన్ కాంఫ్’ కొనుక్కుంటాడు చార్టర్స్. కాని నాజీ వేషంలో ఉన్న తమ దేశస్థుణ్ణి గుర్తుపట్టాక, ఈసారి తెలియదనరు. ప్రమాదమని తెలిసీ కబురు అందిస్తారు. యుద్ధం మొదలయ్యాక, చూసి కూడా చూడలేదనే ఆంగ్లేయుణ్ణి హాస్యపాత్రగా చూపించడం ఏ నిర్మాతకూ సాధ్యపడేది కాదు. సినిమా బాగుంటుంది, ముగింపులోని కేబుల్ కార్ ఘట్టం మరీ బాగుంటుంది. మొదటిదానిలోని ఆ ముల్లు మాత్రం ఇందులో లేదు. ఇద్దరూ మంచివాళ్ళైపోయారు.

1979లో ఆంటొనీ పేజ్ మళ్ళీ తీసిన ‘ది లేడీ వానిషెస్’లో బాండ్రికా లేదు. కథ నేరుగా 1939 ఆగస్టు నాటి జర్మనీలో జరుగుతుంది. శత్రువు ఎవరో అందరికీ ముందే తెలిసిన చోట అబద్ధమాడే ప్రయాణికుడు మూర్ఖుడిగానే కనిపిస్తాడు. వాడిలో ప్రేక్షకుడు తన్ను తాను చూసుకోలేడు. 2013లో బీబీసీ నవలకు దగ్గరగా తీసి, అక్కచెల్లెళ్ళను తిరిగి పెట్టెలోకి తెచ్చింది.

నవలకు వెళ్ళినవారికి సినిమాలో లేనిది ఒకటి దొరుకుతుంది. ఐరిస్ మాటను రైల్లో ఎవరూ నమ్మని ఆ గంటల్లోనే, వైట్ మధ్య మధ్య పాఠకుణ్ణి ఇంగ్లండ్‌లోని ఒక ఇంటికి తీసుకువెళతారు. అక్కడ మిస్ ఫ్రాయ్ ముసలి తల్లిదండ్రులు, వాళ్ళ కుక్క, కూతురు వచ్చే రోజు కోసం ఎదురుచూస్తుంటారు.