ఒప్పుకుంటే బతుకు, కాదంటే ఉరి

మన భాషలో మంత్రగాడూ ఉన్నాడు, మంత్రగత్తే ఉంది. వ్యాకరణం ఇద్దరికీ సమానంగానే చోటిచ్చింది. సమాజం అలా ఇవ్వలేదు. మంత్రగాడి దగ్గరికి జనం తాయెత్తు కోసం వెళతారు, మంత్రగత్తె ఇంటికి కర్రలు పట్టుకుని వెళతారు. ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకోవాలనే నేను సేలం కోర్టు కాగితాలు చదవడం మొదలుపెట్టాను. 1692 నాటి ఆ వాంగ్మూలాలు, వారెంట్లు, విన్నపాలు చాలావరకు భద్రంగా ఉన్నాయి. ఆ ఊళ్ళో మామూలుగా బతికి చనిపోయిన ఎందరో ఆడవాళ్ళ మాట ఒక్కటీ మనకి దక్కలేదు. నిందపడ్డ వాళ్ళ మాటలే దక్కాయి. ఆడదాని గొంతు రికార్డుకెక్కాలంటే ఆమె బోను ఎక్కాల్సి వచ్చింది.

అప్పటికి మసాచుసెట్స్ ఇంగ్లండు పాలనలోని ప్యూరిటన్ల వలస. 1692 మొదట్లో సేలం గ్రామంలో (ఇప్పటి డాన్వర్స్) మతగురువు శామ్యూల్ పారిస్ ఇంట్లో 9 ఏళ్ళ కూతురు బెట్టీ, 11, 12 ఏళ్ళ బంధువుల పిల్ల అబిగైల్ విలియమ్స్ వింతగా అరవడం, మెలికలు తిరగడం మొదలుపెట్టారు. ఫిబ్రవరి 29న ముగ్గురి మీద వారెంట్లు వచ్చాయి. సారా గుడ్ ఇంటింటికీ తిరిగి అడుక్కునే మనిషి. సారా ఆస్‌బోర్న్ భర్త పోయాక తన దగ్గర పనిచేసిన వాడినే పెళ్ళి చేసుకుని, భూమి విషయంలో కొడుకులతో తగువు పడిన మనిషి. మూడో ఆమె టిట్యూబా, పారిస్ ఇంటి బానిస. పేదది, కట్టుబాటు దాటింది, బానిస. ఈ ఎంపికకి సైతాను అక్కర్లేదు, ఊరు చాలు.

పిచ్చిపట్టిన ఆడపిల్లలు ఆడవాళ్ళని చంపించారని ఈ కథని చెప్పేస్తుంటారు. కానీ ఆ మొదటి ఫిర్యాదు మీద ఉన్నవి నలుగురు మగవాళ్ళ పేర్లు. ప్రశ్నించిన మేజిస్ట్రేట్లు మగవాళ్ళు, జూరీ మగవాళ్ళు, శిక్ష వేసిన న్యాయమూర్తులు మగవాళ్ళు. నిందలు వేసిన పిల్లల్లో అనాథలు, ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళూ ఉన్నారు. ఉత్తరాన మూలవాసులతో జరిగిన యుద్ధాల్లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన వాళ్ళున్నారు. ఆ భయమే సేలంలో దయ్యం రూపం ఎత్తిందని మేరీ బెత్ నార్టన్ 2002లో వచ్చిన తన పుస్తకంలో వాదించింది. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని ఆ పిల్లల మాట, పూనకంలో అరిచినప్పుడు మాత్రం సాక్ష్యం అయింది. అలాగని వాళ్ళు చేసింది చిన్న తప్పేమీ కాదు. 12 ఏళ్ళప్పుడు ఎందరి మీదో నేరం మోపిన ఆన్ పట్నం 1706లో చర్చిలో నిలబడి క్షమాపణ కోరింది. పితృస్వామ్యం ఆడవాళ్ళ చేతే ఆడవాళ్ళని కొట్టించగలదు. ఇది మనకి ఇబ్బందిగా ఉన్నా చెప్పుకోవాల్సిన సంగతే.

మార్చి 1 విచారణలో టిట్యూబా ముందు కాదంది, తర్వాత ఒప్పుకుంది. యజమాని కొట్టి ఒప్పించాడని ఆమె చెప్పినట్టు రాబర్ట్ కేలెఫ్ 1700లో అచ్చువేసిన పుస్తకంలో ఉంది. సైతాను పుస్తకంలో తొమ్మిది గుర్తులు చూశానంది. ఇక మిగతావాళ్ళ కోసం వేట మొదలైంది. ఫలానా ఆమె రూపం వచ్చి నన్ను గిచ్చింది అంటే చాలు, కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకుంది. ఒకరి కంటికే కనిపించే రూపాన్ని ఎవరు కాదనగలరు?

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ కోర్టు లెక్క. 150 మందికి పైగా నిందపడ్డారు. దాదాపు 50 మంది నేరం ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఆ మాట మీదే నిలబడిన వాళ్ళెవరికీ ఉరి పడలేదు. ఉరితీసిన 19 మందీ, 14 మంది స్త్రీలు, 5గురు పురుషులు, మేం నిర్దోషులమన్న వాళ్ళే. వాదనకి దిగని జైల్స్ కోరీని రాళ్ళ బరువుతో నొక్కి చంపారు. 71 ఏళ్ళ రెబెకా నర్స్‌ని జూరీ మొదట నిర్దోషి అంది. న్యాయమూర్తులు మళ్ళీ ఆలోచించమన్నారు. జూరీ అడిగిన ప్రశ్న చెవుడు వల్ల వినపడక ఆమె మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేరంగా రాసుకున్నారు. ఆమె చెల్లెలు మేరీ ఈస్టీ తన ప్రాణం కోసం కాదు, ఇక మీదట నిర్దోషుల రక్తం చిందకూడదని విన్నపం రాసింది. ఆమెనీ సెప్టెంబరు 22న ఉరితీశారు.

సారా గుడ్ కూతురికి అప్పుడు నాలుగైదేళ్ళు. ఆ పసిదాన్నీ సంకెళ్ళు వేసి ఎనిమిది నెలలకు పైగా జైల్లో పెట్టారు. వారెంటులో డోర్కస్ అని రాశారు, అసలు పేరు డొరొతీ. చరిత్ర పుస్తకాలు చాలాకాలం ఆ తప్పు పేరే మోశాయి. చెల్లెలు, చంటిబిడ్డ, జైల్లోనే పోయింది. తల్లిని జులై 19న ఉరితీశారు. నా భార్య మంత్రగత్తె, కాకపోతే త్వరలో అవుతుంది అని కోర్టులో చెప్పిన తండ్రి విలియం గుడ్, 1710లో పరిహారం అడిగాడు. ఆ భయంతో కూతురికి మతి చెడిందని రాశాడు. 30 పౌండ్లు ఇచ్చారు. చెడింది కూతురి మతి, డబ్బు అందింది తండ్రికి.

ఇంత జరిగితే సాహిత్యం ఏం చేసింది? ఆర్థర్ మిల్లర్ 1953లో రాసిన 'ది క్రూసిబుల్' నాటకంలో అబిగైల్ 17 ఏళ్ళ యువతి అయింది, జాన్ ప్రోక్టర్‌ని మోహించి పగబట్టింది. నిజానికి ఆమె చిన్నపిల్ల, ప్రోక్టర్‌కి 60 ఏళ్ళు. మెకార్థీ వేటని ఎదిరించిన గొప్ప నాటకమే అది. కానీ ఒక రాజ్యం, ఒక చర్చి, ఒక న్యాయస్థానం చేసిన హత్యలకి ఆడదాని కామాన్ని మూలం చేయడం నాకు మింగుడుపడదు. కేరల్ కార్ల్‌సెన్ 1987లో వేరే దారి చూపించింది. న్యూ ఇంగ్లండ్‌లో నిందపడ్డ స్త్రీలలో చాలామంది అన్నదమ్ములు గాని కొడుకులు గాని లేనివాళ్ళనీ, ఆస్తి తమ చేతికి వచ్చిన, రాబోతున్న వాళ్ళనీ తేల్చింది. మన దగ్గర చేతబడి నిందల వెనక ఎన్నిసార్లు ఒంటరి ఆడదాని పొలం గట్టు ఉంటుందో తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా తోచదు.

1692 అక్టోబరులో గవర్నర్ ఫిప్స్ ఆ కోర్టుని ఆపాడు. 1711లో కొందరి శిక్షలు రద్దయ్యాయి. మిగతావాళ్ళలో కొందరి పేర్లు చట్టంలో చేరడానికి 1957, 2001 దాకా పట్టింది. చివరిగా ఎలిజబెత్ జాన్సన్ జూనియర్ నిర్దోషి అయింది 2022లో. ఆమెకి పిల్లలు లేరు, అడగడానికి వారసులు లేరు. నార్త్ ఆండోవర్ బడిపిల్లలు ఆమె తరఫున అడిగారు. ఈలోగా సేలం పట్నం పోలీసుల చిహ్నంలో చీపురెక్కిన మంత్రగత్తె చేరింది.

టిట్యూబాని ఎవరూ ఉరితీయలేదు. జైల్లో ఖైదీ తిండి ఖర్చు ఖైదీయే కట్టాలి, పారిస్ కట్టనన్నాడు. ఏడాదికి పైగా ఆమె అక్కడే ఉంది. 1693లో ఎవరో ఆ బాకీ తీర్చి తీసుకుపోయారు. నేరం ఒప్పుకున్నంతసేపూ ఆమె చెప్పిన ప్రతి మాటా రాసుకున్న ఆ గుమస్తాలు, తర్వాత ఆమె గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు.