కంచు కుక్క వెనకాల ఊరు

కిందటి నెల న్యూయార్క్ వెళ్ళినప్పుడు సెంట్రల్ పార్కులో మా అమ్మాయి ఒక కంచు కుక్క మీదెక్కి ఎంతకీ దిగలేదు. దాని పేరు బాల్టో. ఇంటికొచ్చాక దాని కథ చదవబోతే, కుక్క సంగతి పక్కకిపోయి ఊరు నన్ను పట్టుకుంది.

ఆ ఊరు అలాస్కాలోని నోమ్. బేరింగ్ సముద్రం ఒడ్డున ఉంటుంది. అప్పటికి జనం పద్నాలుగు వందలు. చలికాలంలో సముద్రం గడ్డకడితే ఓడలు బంద్. బయటికి రోడ్డు లేదు, రైలు లేదు. 1925 జనవరిలో అక్కడ పిల్లలకి డిఫ్తీరియా సోకింది. మన పెద్దవాళ్ళు కంఠసర్పి అనేవారే, అదే. క్రిమి వదిలే విషానికి గొంతులో బూడిదరంగు పొర కట్టి, ఊపిరాడక పిల్లలు పోతారు. దానికి విరుగుడు గుర్రాల రక్తం నుంచి తీసే యాంటీటాక్సిన్. అదీ విషం ఒంటికి పట్టకముందే ఇవ్వాలి. ఊరికున్న ఒకే ఒక్క డాక్టరు కర్టిస్ వెల్చ్ దగ్గరున్నదేమో గడువు దాటిన పాత మందు. కొత్తది కావాలని ముందే రాశాడు, కానీ ఆఖరి ఓడలో అది రాలేదు. (రోజూ సప్లై చెయిన్ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీపట్టేవాణ్ణి కదా, ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.)

బడి, సినిమా హాలు మూసేశారు. టెలిగ్రాములు వెళ్ళాయి. ఆంకరేజ్ రైల్వే ఆసుపత్రిలో 3 లక్షల యూనిట్లు దొరికాయి. విమానంలో పంపుదామని కొందరన్నా, ఆ చలిలో ఆనాటి విమానాలని నమ్మలేక గవర్నరు స్కాట్ బోన్ కుక్కబళ్ళకే సరేనన్నాడు. నెనానా దాకా రైల్లో, అక్కణ్ణించి 674 మైళ్ళు చేతులు మారుతూ. ఇరవైమంది తోలేవాళ్ళు, సుమారు నూటయాభై కుక్కలు, అయిదున్నర రోజులు. ఫిబ్రవరి 2 తెల్లవారుజామున మందు గడ్డకట్టి చేరింది. కరిగించి ఇస్తే పనిచేసింది.

పేరు మాత్రం ఆఖరి మజిలీ లాగిన బాల్టోకి వచ్చింది. నిజానికి అన్నిటికంటే ఎక్కువ దూరం పరిగెత్తింది లియొనార్డ్ సెప్పాలా కుక్క టోగో. ఈ రెండు కుక్కల తగువు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నాకు మాత్రం మనుషుల సంగతే బాధనిపించింది. బళ్ళు తోలినవాళ్ళలో చాలామంది అలాస్కా ఆదివాసులు. ఎడ్గర్ కలండ్, శామ్ జోసెఫ్, టైటస్ నికొలాయ్... ఆనాటి పత్రికలు వాళ్ళని దాదాపు పట్టించుకోలేదు.

అంతకుముందే 1918 నాటి ఫ్లూ నోమ్ చుట్టుపక్కల ఆదివాసుల్లో దాదాపు సగంమందిని తీసుకుపోయింది. ఈసారి అధికారికంగా చావులు అయిదో, ఏడో అని రాసుకున్నారు. ఊరి బయట ఆదివాసుల గుడారాల్లో ఇంకో వందమందికైనా జబ్బు సోకి ఉంటుందని వెల్చ్ తర్వాత అంచనా కట్టాడు. వాళ్ళు ఎవరికీ కబురు పెట్టకుండానే పిల్లల్ని పూడ్చుకునేవారట. ఆ అయిదో, ఏడో అన్న అంకే ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తుంది.