పత్తర్‌గట్టి ఎందుకు కట్టారు?

చార్మినార్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళలో చాలామంది మదీనా దగ్గర దిగి నడక మొదలెడతారు. చూపంతా దూరంగా కనిపించే మినార్ల మీదే ఉంటుంది. రెండు పక్కలా ఒకే ఎత్తులో, ఒకే రకం కమానులతో వరసగా సాగే రాతి భవనాల్ని ఆగి చూసేవాళ్ళు తక్కువ. చూసినా "నిజాం కాలం దర్జా" అనుకుని ముందుకెళ్ళిపోతారు. ఇంకొంతమందైతే వాటిని కూడా చార్మినార్‌తో పాటే కట్టేశారనుకుంటారు!

చార్మినార్‌కీ ఈ భవనాలకీ మధ్య మూడొందల ఏళ్ళ పైచిలుకు తేడా ఉంది. ఇక దర్జా అంటారా... ఒక వరద, ఒక ప్లేగు చూసిన ఊరు, మళ్ళీ అలాంటి చావులు రాకూడదని చేసిన పనుల్లో ఈ వీధి ఒకటి. ఆ సంగతి మర్చిపోవడం వల్ల ఇవ్వాళ మనకి నష్టం జరుగుతోందని నా అభిప్రాయం.

ముందు దారి సంగతి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌కి పునాది వేసినప్పుడు చార్మినార్ దగ్గర నాలుగు దార్లు కలిసేలా ఊరిని గీశారు. అందులో ఉత్తరం వైపు, మూసీ నది దాకా వెళ్ళేదే మన దారి. చార్మినార్ కట్టిన కొద్ది కాలానికే ఈ దారిలో చార్‌కమాన్ లేచింది. నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమానులు, మధ్యలో గుల్జార్ హౌజ్. పడమటి కమాను రాజప్రాసాదాలకి దారి, ఉత్తరపుది మఛ్లీ కమాన్. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. ఆ ప్రాసాదాలు ఇప్పుడు ఆనవాలు కూడా లేవు. కానీ దారి మాత్రం గీసినచోటే ఉంది. అసఫ్‌జాహీల కాలానికి దాని చుట్టుపక్కల దేవిడీలు, ఇళ్ళు, దుకాణాలు ఇరుకిరుగ్గా కిక్కిరిసిపోయాయి.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. దాదాపు 15 వేల మంది పోయారని అంచనా. ఈ దారికి నది ఒడ్డున ఉన్న అఫ్జల్ వంతెన (మనం నయాపుల్ అంటున్నదే) కూడా దెబ్బతింది. ఆ దెబ్బ నుంచి తేరుకునే లోపే 1911లో ప్లేగు. వరద నది తెచ్చింది, సరే. ప్లేగుని మాత్రం గాలీ వెలుతురూ లేని ఇళ్ళు, మురుగు పోయే దారి లేని సందులు, వాటిల్లో చేరిన ఎలకలు పెంచి పోషించాయి.

వరద సంగతి చూడమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన ఇచ్చిన సలహాతోనే నదికి ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. అది అందరికీ తెలిసిన కథే. అంతగా తెలియనిది 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. ఇరుకు బస్తీలు తీసెయ్యడం, రోడ్లు వెడల్పు చెయ్యడం, మురుగు కాలవలు, కొత్త ఇళ్ళు, బజార్లు కట్టడం దాని పని. ఆ పనిలో భాగంగానే తర్వాతి దశాబ్దాల్లో పత్తర్‌గట్టి ఇప్పటి రూపానికొచ్చింది.

ఈ తెలివితో ఇప్పుడు ఆ వీధిని చూడండి. రోడ్డు వెడల్పు గాలీ వెలుతురూ కోసం, మనుషులూ బళ్ళూ సాఫీగా సాగడం కోసం. కమానుల వెనక దుకాణాల ముందు పొడుగునా సాగే వసారా నడిచేవాళ్ళది. ఎండా వానా తగలవు, బళ్ళకి అడ్డం పడక్కర్లేదు. కింద దుకాణం, పైన కాపురం. పగలు బేరాలు, రాత్రి మనుషుల అలికిడి... వీధి ఎప్పుడూ పాడుబడదు. ముఖద్వారాలన్నీ ఒకే తీరుగా ఎందుకున్నాయంటే, ఎవడికి తోచినట్టు వాడు రోడ్డు మీదికి జరక్కుండా ఒకే ప్లాన్ ప్రకారం కట్టారు కాబట్టి. రాయి ఊరి చుట్టూ దొరికే గ్రానైటే. అదే బోర్డు 1935లో తయారుచేసిన మొజంజాహీ మార్కెట్‌లోనూ ఆ రాయే కనిపిస్తుంది.

అలాగని ఆ బోర్డుని ఆకాశానికెత్తెయ్యడం నా ఉద్దేశం కాదు. రోడ్డు వెడల్పు చెయ్యాలంటే ఎవరివో ఇళ్ళు కూలాలి. అది రాజుల కాలం, వద్దని ఓటేసే వీలు ఎవరికీ లేదు. కానీ ఎందుకు కడుతున్నారో మాత్రం కట్టేవాళ్ళకి స్పష్టంగా తెలుసు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఒక తంటా బాగా తెలుసు. పాత కోడ్ పనిచేస్తూనే ఉంటుంది, అదెందుకు రాశారో తెలిసినవాళ్ళు ఎప్పుడో మానేసి వెళ్ళిపోయుంటారు. కొత్తగా వచ్చినవాడు "ఈ లైను దండగ" అని తీసేస్తాడు. తర్వాత కదా తెలిసేది! పత్తర్‌గట్టిలోనూ అంతే. వసారా "ఖాళీగా ఉంది కదా" అని సరుకు నింపేశారు, నడిచేవాళ్ళు రోడ్డెక్కారు. కమానుల మీద బోర్డులు, వాటి మీదుగా కరెంటు తీగల చిక్కులు, ఏసీ డబ్బాలు. లోపల గదుల్ని ముక్కలు చేసుకున్నవాళ్ళు, ఇళ్ళని గోడౌన్లు చేసుకున్నవాళ్ళు.

2025 మే 18 తెల్లవారాక గుల్జార్ హౌజ్ దగ్గర ఒక భవనం అంటుకుంది. 17 మంది చనిపోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. ఆ భవనం పత్తర్‌గట్టి వరసలోది కాదు. మఛ్లీ కమాన్ దాటి నాలుగడుగులు వేస్తే వచ్చే చోటు. తీరు మాత్రం అదే: కింద దుకాణాలు, పైన కాపురం. షార్ట్ సర్క్యూట్ అని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. బయటికొచ్చే దారి ఇరుకు. నూరేళ్ళ క్రితం బోర్డు ఏ ఇరుకు మీద యుద్ధం చేసిందో, ఆ ఇరుకే మళ్ళీ మనుషుల్ని తినేసింది.

మన దగ్గర పాత కట్టడాల గురించి వాదన ఎప్పుడూ రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఒకరు "పాతబడింది, కూల్చెయ్" అంటారు. ఇంకొకరు "వారసత్వం, రాళ్ళు కడిగి లైట్లు పెట్టు" అంటారు. మొజంజాహీ మార్కెట్‌ని బాగుచేసి 2020లో తెరిచారు, చూడ్డానికి హాయిగా ఉంది. పత్తర్‌గట్టికి కూడా అలాంటిది జరగాల్సిందే. కానీ ముఖం కడిగి ఆపేస్తే సగం పనే. లోపలి వైరింగ్ ఎవరు చూస్తారు? రెండో మెట్లదారి ఎక్కడ పెడతారు? కాపురం ఉన్న ఇంటి కింద ఎంత సరుకు ఉండొచ్చు? వ్యాపారుల్ని తిట్టడం తేలిక. కానీ పెరిగిన కుటుంబం, పెరిగిన సరుకు అదే గదుల్లో సర్దుకోవాలి కదా. ఖర్చులో వాటా పెట్టుకోకుండా నోటీసులు మాత్రమే పంపితే ఎవరూ కదలరు.

ఈసారి అటు వెళ్తే కమానుల్ని ఫోటో తీసుకోండి, తప్పులేదు. తీశాక ఆ వసారాలో మదీనా నుంచి మఛ్లీ కమాన్ వైపు రోడ్డు మీదికి దిగకుండా ఎంత దూరం నడవగలరో చూడండి. ఆ వీధిని మనం ఎంత కాపాడుకున్నామో చెప్పడానికి అంతకంటే మంచి కొలత నాకు తోచడం లేదు.