అరటిపండుకూ ఓ లెక్క

చిన్నప్పుడు గల్లీలో చిర్రగోనె ఆడుతుంటే ఎవరి తమ్ముడో ముక్కు చీదుకుంటూ వచ్చి, నేనూ ఆడతానని మొండికేసేవాడు. వద్దంటే ఇంట్లో చెప్తాడు, రానిస్తే జట్టు ఓడిపోతుంది. ఈ చిక్కుకు మన పిల్లలు ఏనాడో కనిపెట్టిన ఉపాయం ‘ఆటలో అరటిపండు’. వాడు కొట్టినా లెక్కలోకి రాదు, ఔటైనా లెక్కలోకి రాదు. ఆ పదవి కొన్నాళ్లు వెలగబెట్టినవాణ్ని కాబట్టి చెప్తున్నాను, రెండు మూడు రోజుల్లో అరటిపండుకు సంగతి తెలిసిపోతుంది. తనను ఆడనిస్తున్నారు గానీ తను ఆటలో లేడు.

అరటిపండును లెక్కలోకి తెచ్చే పని మీద మూడు వందల ఏళ్లుగా బుర్ర బద్దలుకొట్టుకున్న ఆట ఒకటుంది. దాన్ని మన గోల్కొండ కోట గోడల మధ్యే ఆడుతున్నారు.

చార్మినార్ దగ్గర బస్సెక్కి గోల్కొండలో దిగితే పాతబస్తీకే పాతబస్తీ అనదగ్గ చోటికి చేరతాం. 1656లో ఔరంగజేబు మొదటిసారి దండెత్తి వెళ్లాక, ఈశాన్యం వైపున్న మిట్ట శత్రువు చేతికి చిక్కితే కోటకు ముప్పని గ్రహించి, అబ్దుల్లా కుతుబ్‌షా హయాంలో దాన్ని కూడా గోడ కట్టి లోపలికి కలుపుకున్నారు. అదే నయా ఖిల్లా. ముల్లా ఖయాలీ మసీదు, ముస్తఫా ఖాన్ మసీదు, ఏనుగంత బోదెతో ‘హతియాన్ కా ఝాడ్’ అని పిలుచుకునే ఆఫ్రికా బావోబాబ్ చెట్టు ఉన్నది అక్కడే. వాటి చుట్టూ పచ్చగా పరుచుకున్నదే హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ మైదానం. ప్రొఫెషనల్ ఆటగాళ్లు తలపడే గోల్కొండ మాస్టర్స్ పోటీ జరిగేదీ ఇక్కడే. అదే మైదానంలో మరోనాడు రిటైరైన పెద్దాయనా, ఆయన మనవరాలూ కలిసి ఆడి, ఎవరు గెలిచారో నిజాయితీగా తేల్చుకోవచ్చు. క్రికెట్‌లో ఇది కుదరదు. కబడ్డీలో అసలే కుదరదు. గోల్ఫ్‌లో ఎలా కుదిరింది?

1687 చలికాలంలో ఔరంగజేబు రెండోసారి వచ్చి గోల్కొండ చుట్టూ డేరాలు వేశాడు. తానీషా రాజ్యం కూలడానికి ఎనిమిది నెలలు పట్టింది. సరిగ్గా ఆ చలికాలంలోనే, ఎక్కడో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో థామస్ కింకేడ్ అనే కుర్రాడు గోల్ఫ్ ఆడొచ్చి, డైరీలో ఒక సందేహం రాసుకున్నాడు. తనకన్నా బలహీనుడితో ఆడేటప్పుడు పందెం డబ్బు సమానంగా కాసి, ఆటలో అతనికి మూడు హోల్స్‌కు రెండు ముందే వదిలేయడం మేలా? లేక ఆట సమానంగా ఆడి, అతని ఒక వంతు పందేనికి తాను మూడు వంతులు కాయడం మేలా? ఉజ్జీ కానివాణ్ని ఉజ్జీగా చేయడం గురించి గోల్ఫ్‌లో దొరుకుతున్న తొలి రాతల్లో ఇదొకటి. సవరించాలనుకున్నవాటిలో నేల ఊసే లేదు, పందెం మాత్రం ఉంది. మనిషి డబ్బును మర్చిపోడు మరి.

ఈ సవరింపుకు స్థిరపడిన పేరు హ్యాండిక్యాప్. టోపీలో చెయ్యి పెట్టి ఆడే ఒక పాత బేరం ఆటలోంచి ఆ మాట పుట్టి, గుర్రప్పందాల మీదుగా గోల్ఫ్‌కు చేరింది. మలక్‌పేట రేస్‌కోర్సు ముచ్చట్లు తెలిసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పందాలను మౌలాలి నుంచి అక్కడికి మార్చిన నాటి నుంచీ, గెలిచే గుర్రం మీద ఎక్కువ బరువు వేయడం ఆ వీధికి తెలిసిన విద్యే. గుర్రప్పందెంలో బలమున్నదానికి బరువు వేస్తారు, గోల్ఫ్‌లో బలం లేనివాడికి దెబ్బలు తగ్గించి లెక్కిస్తారు. అతని హ్యాండిక్యాప్ 20 అయితే, వంద దెబ్బల్లో ముగించిన ఆట ఎనభై కింద జమ.

అయితే ఎవరికి ఎన్ని తగ్గించాలన్నది క్లబ్బు పెద్దల ఇష్టం. పెద్దల ఇష్టం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? 1890లో ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో హ్యూ రొథరామ్ అనే ఆయన దీనికో కొలత ప్రతిపాదించాడు. మంచి ఆటగాడు తప్పులు లేకుండా ఆడితే ఏ హోల్‌కు ఎన్ని దెబ్బలు కావాలో ముందే రాసిపెట్టుకుని, కంటికి కనిపించని ఆ ఆటగాడితో అందరూ పోటీపడాలన్నాడు. ఆ రోజుల్లో ఒక బూచోడి పాట ఊరంతా మోగుతోందట. ఈ అదృశ్య ఆటగాడు ఎవరికీ చిక్కకపోయేసరికి గ్రేట్ యార్మత్ క్లబ్బు వాళ్లు ఆయనకు బూచోడి పేరే పెట్టేశారు: బోగీ. (రైలు బోగీకీ దీనికీ చుట్టరికం లేదు.) 1892లో సైనికాధికారుల క్లబ్బు ఒకటి, మా సభ్యులందరికీ హోదా ఉండాల్సిందే కదా అని ఆ బూచోడికి కర్నల్ పదవి ఇచ్చింది. తర్వాత మొనగాడికి కావాల్సిన దెబ్బల లెక్కగా ‘పార్’ అనే మాట ఆయన సింహాసనం లాక్కుంది. పాపం కర్నల్ బోగీ ఇప్పుడు పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువకు గుర్తుగా మిగిలాడు.

ఈ కథలో తరచూ మర్చిపోయే పేరు ఇసెట్ పియర్సన్. 1893లో బ్రిటన్‌లో లేడీస్ గోల్ఫ్ యూనియన్ పుట్టినప్పుడు, దేశంలో ఏ క్లబ్బు మహిళకైనా ఒకే పద్ధతిలో హ్యాండిక్యాప్ ఇచ్చే ఏర్పాటుకు పూనుకున్నది ఆవిడే. మగవాళ్ల క్లబ్బులు ఎవరి లెక్క వాళ్లదే అని తగువులాడుకుంటున్న కాలమది. వాళ్లకు దేశమంతటికీ ఒక కొలత కుదరడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది.

లెక్క కుదిరినా ఉసూరుమనే మనసు మిగిలే ఉంది. మొదటి హోల్‌లో బంతి నాలుగుసార్లు ఇసుక గుంటలో పడి పదకొండు దెబ్బలయ్యాయనుకోండి, మిగతా పదిహేడు హోల్స్ ఎందుకు ఆడాలి? డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే సర్జన్ ఆడిన వాలసీ మైదానంలో సముద్రపు గాలి మామూలుగా ఉండదు. ఒకటి రెండు హోల్స్‌తోనే సభ్యుల ముఖాలు వాడిపోవడం ఆయన చూసేవాడు. 1898లోనే వేల్స్‌లోని ఒక క్లబ్బులో మార్కుల పద్ధతి ఒకటి ప్రయత్నించి వదిలేసిన ఆయన, 1931 చివర్లో దాన్నే సానబెట్టాడు. 1932 మే 16న వాలసీలో తొలి పోటీ జరిగింది. దెబ్బలు కూడొద్దు, మార్కులు కూడండి అన్నాడు. ఈనాటి లెక్కలో హ్యాండిక్యాప్ తీసేశాక పార్‌కు సమానమైతే 2, ఒకటి ఎక్కువైతే 1, ఒకటి తక్కువైతే 3. రెండు ఎక్కువైతే సున్నా, అంతకు మించి ఎన్ని కొట్టినా సున్నానే. కాబట్టి బంతి జేబులో వేసుకుని తర్వాతి హోల్‌కు నడిచిపోవచ్చు. ఎంత పెద్ద తప్పయినా ఆ ఒక్క హోల్‌లోనే సమాధి. నన్నడిగితే గోల్ఫ్‌లో అన్నిటికన్నా దయగల ఆవిష్కరణ ఇదే. గాయం చుట్టుపక్కలకు పాకకుండా చూడటం సర్జన్‌కు తెలియని పనా?

ఇంతవరకూ అందరూ కాగితం మీదే కుస్తీ పట్టారు. నేల జోలికి వెళ్లినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన మనిషి కూడా డాక్టరే, ఆలిస్టర్ మెకంజీ. బోయర్ యుద్ధంలో పనిచేసినప్పుడు బోయర్లు తమ కందకాలను నేలలో కలిసిపోయేలా ఎలా దాచారో గమనించి, ఆ విద్యను మైదానాల రూపకల్పనకు తెచ్చాడు. 1920లో అచ్చయిన చిన్న పుస్తకంలో 13 సూత్రాలు రాశాడు. దెబ్బలు కుప్పలుగా పడుతున్నా సరే, నిన్న మొన్న మొదలుపెట్టినవాడు కూడా ఆనందించేలా మైదానం ఉండాలన్నది అందులో ఒకటి. బలహీనుడు ఒక దెబ్బ నష్టపోయినా క్షేమంగా వెళ్లే పక్కదారి ప్రతిసారీ ఉండాలన్నది మరొకటి. పోయిన బంతి కోసం పొదల్లో వెతుక్కునే చిరాకు ఉండకూడదన్నది ఇంకొకటి.

గోల్కొండలో బాలాహిసార్ మీది బారాదరికి వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఒకటి జనం దారి, ఒకటి రాజుగారి పల్లకీ దారి అని గైడ్లు చెప్తారు. చేరేది ఒకచోటికే. మెకంజీ చేసిందీ దాదాపు అదే, కాకపోతే తిరగేసి: నిటారు దారి మొనగాడికి, పల్లకీ దారి మామూలు మనిషికి. ఇసుక గుంట మీదుగా నేరుగా కొట్టగలిగినవాడికి ఒక దెబ్బ మిగులుతుంది, లేనివాడు చుట్టూ తిరిగి వస్తాడు. అమెరికన్ ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి మెకంజీ అమెరికాలో రూపొందించిన అగస్టా మైదానం 1933లో తెరుచుకున్నప్పుడు మొత్తం మీద ఇసుక గుంటలు రెండు డజన్లు దాటలేదు, ఫెయిర్‌వేలు మాత్రం విశాలం.

ఇక టీ సంగతి. టీ అంటే ఇరానీ చాయ్ కాదు, ప్రతి హోల్‌కూ తొలి దెబ్బ కొట్టే చోటు. మగవాళ్లకు రెండు మూడు టీలుంటే, ఆడవాళ్లకు చాలాచోట్ల ఒక్కటే ఉండేది. ఛాంపియనైనా, నిన్న నేర్చుకున్న ఆవిడైనా అక్కడి నుంచే కొట్టాలి. మైదానాలు గీసే అమెరికన్ ఆలిస్ డై ఇదేం న్యాయమని అడిగింది. మహిళలకూ కనీసం రెండు టీలు కావాలని, వాటిలో ఒకటి బాగా ముందుకు జరగాలని ఏళ్ల తరబడి పోరింది. 1978, 1979లలో అమెరికా సీనియర్ మహిళల అమెచ్యూర్ టైటిల్ గెలిచిన మనిషి, బలం లేనివాళ్ల తరఫున వాదించిందని గమనించాలి. అమెరికా గోల్ఫ్ మైదానాల రూపశిల్పుల సంఘంలో తొలి మహిళా సభ్యురాలు, తర్వాత తొలి అధ్యక్షురాలూ ఆమే. తమాషా ఏమంటే, ప్రపంచంలో అందరినీ వణికించే హోల్, ఫ్లోరిడాలోని సాగ్రాస్‌లో నీళ్ల నడుమ దీవిలా ఉండే పదిహేడోది, ఆమె సలహాతో పుట్టిందే. భర్త పీట్ డై తవ్వుకుంటూ పోయిన ఇసుక గుంత పెద్దదైపోతే, నీళ్లు నింపి మధ్యలో హోల్ ఉండే గ్రీన్ పెట్టమన్నది ఆవిడ.

చివరి చిక్కు లెక్కలవాడి కోసం ఎదురుచూసింది. తేలిక మైదానంలో సంపాదించిన హ్యాండిక్యాప్ పట్టుకుని కష్టమైన మైదానానికి వెళ్లినవాడు ఓడిపోయేవాడు. ఎందుకు? మైదానం ఎంత కష్టమో ఛాంపియన్‌ను బట్టి కొలిచేవారు. టీ ముందు 160 గజాల నీళ్లుంటే ఛాంపియన్ కంటికి అవి ఆనవు, పెద్దాయనకు అవి హుస్సేన్‌సాగర్. అమెరికా నౌకాదళంలో పనిచేసిన డీన్ నూత్, 1970లలో మాంటెరీలోని నౌకాదళ విద్యాసంస్థలో చదువుతూ ఈ ముడి పట్టుకున్నాడు. ఒక మైదానానికి ఒక కష్టం కాదు, రెండు కష్టాలు కొలవాలి: ఛాంపియన్‌ది ఒకటి, మామూలు ఆటగాడిది ఒకటి. ఆ మామూలు ఆటగాడు తొలి దెబ్బ 200 గజాలు కొడతాడు, 370 గజాల హోల్‌ను రెండు దెబ్బల్లో అందుకుంటాడు. ఇద్దరి స్కోర్ల తేడాను మగవాళ్లకైతే 5.381తో గుణిస్తే వచ్చేదే స్లోప్. 55 నుంచి 155 దాకా ఉంటుంది, 113 మధ్యరకం. ఛాంపియన్‌కు 72, మామూలు వ్యక్తికి 95 పడే చోట తేడా 23, స్లోప్ 124. హ్యాండిక్యాప్ సూచిక 20 ఉన్నవాడికి అక్కడ సుమారు 22 దెబ్బల వెసులుబాటు, స్లోప్ 100 ఉన్న తేలిక మైదానంలో 18. ‘స్లోప్ పోప్’ అని నూత్‌కు పేరు పడింది. ఆ బిరుదుకు తగినవాడే.

2011లో అమెరికా గోల్ఫ్ సంఘాలు ‘ముందు టీకి జరగండి’ అని ప్రచారం మొదలుపెట్టాయి. తొలి దెబ్బ 275 గజాలు కొట్టగలిగితే 6,700 నుంచి 6,900 గజాల మైదానం ఆడండి, 200 కొట్టేవారికి 5,200 నుంచి 5,400 చాలు, 150 కొట్టేవారికి 3,500 నుంచి 3,700 అన్నాయి. వెనక టీ నుంచి కొడితేనే మగతనం అనుకునేవారికి ఇది రుచించలేదు. వాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. పిల్లలకు ఆ బెడద తక్కువ. కాలిఫోర్నియాలో హైదరాబాదీ మూలాలున్న తెలుగు ఇంట పుట్టిన తీగల సాహిత్ ఆరు, ఎనిమిది, పదేళ్ల ప్రాయాల్లో తన ఈడు పిల్లలతో, ఆ ఈడుకు తగ్గ పోటీల్లో జూనియర్ వరల్డ్ టైటిళ్లు గెలిచాడు. వెన్నెముక వంపుతోనే ఎదిగి, 2023లో పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ అందుకున్నాడు.

ఇన్ని లెక్కలూ గేటు దాటి లోపలికి వచ్చినవాళ్లకే. రక్షిత కోటలో గోల్ఫేమిటని వారసత్వ ప్రేమికులు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. బావోబాబ్ చెట్టు చూడాలన్నా ఆ మైదానం మీదుగానే దారి. బ్యాగు మోసే క్యాడీ ఆటను కళ్లతోనే చదివేస్తాడు గానీ, స్కోరు కార్డు మీద అతని పేరుండదు. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు, అది గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అతనే. అలాంటి వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

2020 జనవరి నుంచి ప్రపంచమంతటికీ ఒకే హ్యాండిక్యాప్ పద్ధతి వచ్చింది. గత 20 ఆటల్లో మేలైన 8 చూసి లెక్క కడతారు. ఆడా మగా తేడా లేకుండా గరిష్ఠ సూచిక 54. మధ్యరకం మైదానంలో హోల్‌కు మూడు దెబ్బల వెసులుబాటు అన్నమాట. పార్ నాలుగైన హోల్‌లో, ఆ వెసులుబాటున్న నయా ఖిల్లా మనవరాలు మొదటిది గాల్లోకి ఊపి, రెండోది గడ్డిలోకి కొట్టి, మూడోది ఇసుకలో పోగొట్టుకుని, ఎలాగోలా ఏడో దెబ్బకు బంతిని హోల్‌లో వేసిందనుకోండి. స్టేబుల్‌ఫోర్డ్ డాక్టరుగారి లెక్కలో కార్డు మీద రెండు మార్కులు. పక్కన ఏ వెసులుబాటూ లేని మొనగాడు నాలుగే కొట్టి, తన పేరు ఎదుట రాసుకున్నవీ ఆ రెండే.